ఎడమ మలుపు

సెంటినరీ కాలనీలో మా వరుస చివరి క్వార్టర్ ఉపేందర్‌ది. ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో డంపర్ నడిపేవాడు. వాళ్ల నాయిన నర్సింగం భూగర్భ గనిలో పనిచేసి, ఊపిరి ఆడక మధ్యలోనే అన్‌ఫిట్ అయితే, ఆ కొలువు కొడుక్కి వచ్చింది. పొట్టి మనిషి, మాట తక్కువ. డ్యూటీ నుంచి వచ్చేసరికి ఒంటి మీది బట్టల రంగు తెలిసేది కాదు. కళ్లు మాత్రం చింతనిప్పుల్లా ఉండేవి. దుమ్ము అతనికి పడదు. గనిలో చేరిన కొన్నాళ్లకే కళ్లు దురద పెట్టడం, నీళ్లు కారడం మొదలైంది. మెడికల్ షాపులో ఇచ్చిన చుక్కలు వేసుకుంటే కాసేపట్లో చల్లబడేవి. అప్పటినుంచి ఆ చిన్న సీసా చొక్కా జేబులోనే ఉండేది. అయిపోతే ఇంకోటి కొనేవాడు. మా కాలనీలో అలాంటి సీసా లేని ఇల్లు తక్కువ. అందుకే ఎవరికీ అది వింతగా అనిపించలేదు.

వింతగా అనిపించింది అతని బండి పిచ్చి. రోడ్డు మీద మాత్రం ఉపేందర్ ఎన్నడూ బండిని జోరుగా తోలలేదు. బొగ్గు లారీల కింద పడ్డవాళ్లను డ్యూటీకి పోతూ వస్తూ చూసినవాడు. ఒకసారి ఫోన్లో ట్రాక్ మీద బండ్లు నడిపే వీడియో చూశాడు. అక్కడ ఎదురొచ్చే లారీ లేదు, అడ్డం వచ్చే బర్రె లేదు, గుంత లేదు. మోకాలు నేలకు రాసుకునేంతగా బండిని వంచి మలుపు తిరుగుతున్నారు. ఆ వంగడం అతని మనసుకు పట్టింది. హైదరాబాద్ అవతల ఒక ప్రైవేటు ట్రాక్ ఉందని, కొన్ని ఆదివారాలు మామూలు జనాన్ని కూడా రానిస్తారని కనుక్కున్నాడు. మూడు వందల సీసీల పాత స్పోర్ట్స్ బండి ఒకటి కొని, నేరుగా గోదావరిఖనిలో ముజఫర్ దుకాణం ముందు ఆపాడు.

ముజఫర్‌ది టైర్ల దుకాణం. వాళ్ల అబ్బాజాన్ గులాం అలీ పెట్టిన పంచర్ల షెడ్డునే ఇతను దుకాణం చేశాడు. ఉపేందర్ కంటే ఏడెనిమిదేళ్లు పెద్ద. లావు మనిషి. కూర్చుంటే లేవడానికి గోడ పట్టుకోవాలి.

"భాయ్, ట్రాక్ మీదికి ఏ టైర్లు వెయ్యాలె?" అన్నాడు ఉపేందర్.

"నన్నడుగుతున్నవా? నేను లారీలకు, స్కూటర్లకు వేసెటోన్ని," అన్నాడు ముజఫర్. బండి చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. "ఉన్నవాటితోనే పోదాం తీ. ఏమైతదో చూద్దాం."

అలా ఇద్దరూ కలిసి నేర్చుకున్నారు, అంతా తప్పులు చేస్తూనే. మొదటిసారి రోడ్డు టైర్లతోనే, రోడ్డు మీద పెట్టే గాలితోనే పోయారు. ఏండ్లకేండ్లు అరగకుండా ఉండేందుకు చేసిన గట్టి రబ్బరు అది. రెండో మలుపులోనే వెనక చక్రం జారి ఉపేందర్ గడ్డిలో పడ్డాడు. మోచెయ్యి చెక్కుకుపోయింది. అక్కడ ఎవరో గాలి తగ్గించాలని చెప్పారు. ఎంత తగ్గించాలో వీళ్లు అడగలేదు. మరుసటిసారి ముజఫర్ రెండు చక్రాల్లోనూ ఇరవై పౌండ్లకు దించేశాడు. బండి బురదలో పోతున్నట్టు ఊగింది. ట్రాక్ పక్కన బండ్లు ఆపే షెడ్డు లోపలికి వచ్చాక టైరు మీద చెయ్యి పెడితే కాలింది, రబ్బరు పెచ్చులు పెచ్చులుగా లేచింది. మూడోసారి హైదరాబాద్‌లో మెత్తటి రబ్బరు టైర్లు కొన్నారు. అవీ పట్టు ఇవ్వలేదు. టైరు పక్కన అచ్చు వేసిన వారం, సంవత్సరం చూసుకుంటే, తయారై నాలుగేళ్లయిన సరుకు. దుకాణంలోనే ఎండి గట్టిపడిపోయింది. ముజఫర్ తిరిగిపోయి ఆ దుకాణంవాడితో పెద్ద లొల్లి పెట్టుకున్నాడు.

ఆ తర్వాతే పని పట్టుబడింది. చల్లగా ఉన్నప్పుడు ముందు చక్రంలో ఇరవై ఏడు, వెనక ఇరవై ఐదు పెట్టి పంపితే, తిరిగొచ్చేసరికి నాలుగైదు పౌండ్లు పెరగాలి. అంతకు మించి పెరిగిందంటే మొదట గాలి తక్కువ పెట్టారన్నమాట, టైరు నలిగి నలిగి కాగిపోయింది. పెరగలేదంటే గాలి ఎక్కువైంది, టైరు రాయిలా ఉండి నేలను పట్టలేదు. అదీ బండి ఆగీ ఆగకముందే చూడాలి, చల్లారితే లెక్క తప్పుతుంది. అందుకే ఉపేందర్ లోపలికి వస్తున్నాడంటే ముజఫర్ ముందే గేజ్ పట్టుకుని, రెండు మోకాళ్ల మీద కూర్చుని సిద్ధంగా ఉండేవాడు. ఆ ఒళ్లుతో అలా కూర్చోవడం చిన్న పని కాదు. కొత్త టైరు మీద నూనెలాంటి పొర ఉంటుందని, మొదటి రౌండ్లు నెమ్మదిగా తిప్పి దాన్ని అరగదీయాలని తెలుసుకున్నారు. పొద్దున చలిలో పెట్టిన గాలి మధ్యాహ్నం ఎండలో పనికిరాదని తెలుసుకున్నారు. సాయంత్రం బండిని ట్రాలీ ఆటోలోకి ఎక్కించేముందు మళ్లీ రోడ్డు గాలి నింపేవాళ్లు. ఈ పని మాత్రం ఉపేందర్ ఇంకొకరికి ఇచ్చేవాడు కాదు.

భార్య స్వరూపకు ఇదంతా నచ్చలేదు. "గా బండికి టైర్లు, నీకు తోలు బట్టలు. ఎందుకింత పరేషాన్? ఆదివారం ఇంట్ల ఉండరాదా?" అనేది.

"ఆడ ఎదురు ఏదీ రాదు స్వరూపా. నేనూ, బండీ, రోడ్డు. డంపర్ల కూసుంటే కదిలే ఇల్లు తోలినట్టు ఉంటది. ఇది వంచితే వంగుతది," అన్నాడు ఉపేందర్. అతను ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదు. కూతురు సహస్ర మాత్రం నాన్న తెచ్చే రబ్బరు ముక్కలను డబ్బాలో దాచుకునేది.

మూడేళ్లు అలా గడిచాయి. అతను ఎవరినీ ఓడించలేదు, కప్పులు తేలేదు. ఆదివారం వంద రూపాయల అట్ట బ్యాడ్జీ మెళ్లో వేసుకుని, మిగతావాళ్లతో పాటు రౌండ్లు తిరిగేవాడు. మోకాలికి కట్టుకున్న ప్లాస్టిక్ బిళ్ల మొదటిసారి నేలకు రాసుకున్న రోజు, దాన్ని ఊడదీసి మా అందరికీ చూపించాడు. ముప్పై మూడేళ్ల మనిషి, చిన్నపిల్లవాడిలా.

ముందటేడాది వానాకాలం తర్వాత మొదలైంది అసలు సంగతి. బండి లోపలికి రాగానే ముజఫర్ గేజ్ పెట్టాడు. లెక్క సరిగ్గానే ఉంది. కానీ వెనక టైరును తిప్పి చూస్తే కుడి అంచు దాకా రబ్బరు గరుకుగా అరిగి, సన్నటి గింజలు కట్టి ఉంది. ఎడమ వైపు రెండు వేళ్ల వెడల్పున టైరు నేలనే తాకలేదు. కొత్తదానిలా మెరుస్తోంది.

"ఎడమకు వంచుతలేవా?" అన్నాడు ముజఫర్.

"వంగుతలేదు భాయ్. ఎందుకో బండి మొరాయిస్తున్నది."

ఇంతకుముందు టైర్లలో రెండంచులూ సమానంగానే అరిగేవి. కాబట్టి ఇది టైరు తప్పో, గాలి తప్పో అనుకున్నారు. వెనక ఒక పౌండు తగ్గించారు. ముందు ఒక పౌండు పెంచారు. ఆ తర్వాతి నెల చక్రాలు రెండూ ఒకే వరుసలో ఉన్నాయా అని దారం కట్టి చూశారు. ఉన్నాయి. ఇంకో కంపెనీ టైరు, మధ్యలో కాస్త ఎత్తుగా, తొందరగా వంగే ఆకారం ఉన్నది తెచ్చి వేశారు. ముజఫర్ వేరే దుకాణాలవాళ్లకు ఫోన్లు చేసి అడిగాడు. ఏం చేసినా ఎడమ అంచు అలాగే మెరుస్తూ వచ్చేది. రానురాను ఆ పట్టీ వెడల్పు పెరిగింది.

ఒకసారి ఉపేందర్ హెల్మెట్ తీసి చెమట తుడుచుకుంటూ అన్నాడు: "కుడి మలుపులల్ల అంతా మంచిగున్నది. ఎడమ మలుపుల లోపలి అంచు ఆఖరికి వస్తున్నది భాయ్. దగ్గరికి పోయినంక ఒక్కపారే వచ్చి మీద పడ్డట్టు."

ముజఫర్ ఆ మాట విన్నాడు. విని, ముందు చక్రం గాలి ఇంకో అర పౌండు మార్చాడు.

ఇంట్లో కూడా ఆనవాళ్లు కనిపిస్తూనే ఉన్నాయి. ఉపేందర్ ఎడమ భుజం తలుపు చెక్కకు తగులుతుండేది. కింద పెట్టిన పళ్లెం మీద కాలు వేసేవాడు. సహస్ర ఒకరోజు బిస్కెట్ అందిస్తూ చాలాసేపు చెయ్యి చాపి నిలబడింది. "నాయినా, గిటు" అంటే అప్పుడు తల తిప్పాడు. "బండి రందిల పడి ఇంట్ల మనుషులే కనవడ్తలేరు నీకు," అంది స్వరూప. అతను నవ్వి ఊరుకున్నాడు. అతనికీ అలాగే అనిపించింది. రాత్రి షిఫ్టులు కష్టంగా ఉన్నాయని తోటివాళ్లతో మార్చుకుంటూ వచ్చాడు. ఒకటి రెండుసార్లు డంపర్ చక్రం దారి పక్క మట్టికట్టను రాసుకుంది. దుమ్ములో అందరికీ అలా జరిగేదే.

ఆ మరుసటి ఏడాది చలికాలంలో ఒక ఆదివారం, పొద్దున రెండో విడతలో అది జరిగింది. పొడవాటి ఎడమ మలుపు ముందు రుత్విక్ అనే కుర్రాడు ఉపేందర్‌ను లోపలి వైపు నుంచి దాటుతున్నాడు. హైదరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగి, ట్రాక్ మీద జాగ్రత్తపరుడని పేరు. ఆ కుర్రాడి బండి పూర్తిగా పక్కకు వచ్చేసింది, ఎవరికైనా కనిపించే దూరం. ఉపేందర్ ఏమీ లేనట్టే నిదానంగా ఎడమకు తిరిగి నేరుగా అతని మీదికి పోయాడు.

ఉపేందర్‌కు పెద్దగా దెబ్బలు తగల్లేదు. రుత్విక్‌కు మెడ కింది ఎముక విరిగింది, బండి గోడకు తగిలి ముక్కలైంది. అంబులెన్సులో కూర్చోబెడుతుంటే నొప్పితో పళ్లు కొరుకుతూ అడిగాడు: "అన్నా, మీ పక్కనే ఉన్నా కదా. చూసి కూడా ఎట్లా తిప్పారు?"

"మీరు ఎటునుంచి వచ్చిండ్రు?" అన్నాడు ఉపేందర్.

అక్కడున్నవాళ్లు అది పొగరనుకున్నారు. ఒకరిద్దరు తిట్టారు కూడా. ముజఫర్ మాత్రం అతని ముఖం చూశాడు. ఆ ముఖంలో పొగరు లేదు. నిజంగానే తెలియక అడిగాడు.

తిరుగుదారిలో మధ్యాహ్నం ట్రాలీ ఆపి చాయ్ తాగడానికి దిగారు. ఇద్దరూ బల్ల మీద పక్కపక్కనే కూర్చున్నారు. ముజఫర్ చాయ్ గ్లాసును ఉపేందర్ ఎడమ చేతి పక్కన పెట్టాడు. ఉపేందర్ ఎదురుగా రోడ్డును చూస్తూ కూర్చున్నాడు. చాయ్ మీద పొగ ఆగిపోయింది. మీగడ కట్టింది.

"నీ చాయ్ చల్లారింది తమ్మీ," అన్నాడు ముజఫర్.

"ఇంక రాలేదు కదా?"

ముజఫర్ ఆ గ్లాసును ఎత్తి అతని కళ్ల ముందుకు తెచ్చాడు. ఉపేందర్ గ్లాసును, ఆ తర్వాత బల్ల మీద తడి గుండ్రాన్ని చూశాడు. కుడి కన్ను మూసి ముందుకు చూశాడు. కన్ను తెరిచి మళ్లీ మూశాడు. చాలాసేపు అలాగే చేశాడు.

"ఎన్ని దినాల సంది భాయ్?" అన్నాడు చివరికి, ముజఫర్‌కు తెలిసి ఉంటుందన్నట్టు.

ముజఫర్‌కు టైరు మీద ఆ మెరిసే పట్టీ మొదట కనిపించిన రోజు గుర్తొచ్చింది. ఏడాది పైనే అయింది.

కరీంనగర్‌లో కంటి దవాఖానకు స్వరూప కూడా వెంట పోయింది. డాక్టరమ్మ నెమ్మదైన మనిషి. గడ్డం ఆనించి కూర్చోబెట్టి నీలి దీపంతో చూసింది. ఒక యంత్రంలో తల పెట్టించి, చుక్క వెలిగినప్పుడల్లా బటన్ నొక్కమంది. ఎడమ కంటికి ఆ పరీక్ష జరుగుతున్నంతసేపూ బటన్ చప్పుడు దాదాపు వినిపించలేదు.

"కంట్లో ప్రెషర్ ముప్పై ఎనిమిది ఉంది," అంది డాక్టరమ్మ.

ఉపేందర్ అలవాటు కొద్దీ అడిగాడు: "ఎంతుండాలె మేడం?"

"ఇరవై ఒకటి దాటకూడదు."

"దించచ్చు కదా?"

"దించుతాం. మందులతో దిగకపోతే ఆపరేషన్ చేస్తాం. కానీ ఈ ప్రెషర్ ఇన్నాళ్లూ లోపలి నరాన్ని నొక్కేసింది. నీటికాసులు అంటారు దీన్ని. నొప్పి ఉండదు, చూపు అంచుల నుంచి పోతూ వస్తుంది, మధ్యలోది ఆఖరున పోతుంది. అందుకే మనిషికి తెలియదు." ఆమె రాస్తున్నది ఆపి తలెత్తింది. "మీ వయసులో ఇంతగా రావడం తక్కువ. కళ్లలో ఏమైనా చుక్కలు వాడుతున్నారా?"

అతను జేబులోంచి సీసా తీసి ఇచ్చాడు. డాక్టరమ్మ దాని మీది అక్షరాలు చదివి సీసాను బల్ల మీద పెట్టింది. మళ్లీ వెనక్కి ఇవ్వలేదు.

"ఎన్నాళ్లుగా?"

"గనిల చేరిన కాన్నుంచి."

అందులో స్టెరాయిడ్ ఉందని, దురదకు కొద్దిరోజులే వాడాలని, అదీ డాక్టరు చూస్తుండగానే వాడాలని, ఏండ్ల తరబడి వేసుకుంటే కొందరికి కంట్లో ప్రెషర్ ఇలా పెరుగుతుందని చెప్పింది. ఎవరి మీదా కోపం లేకుండా చెప్పింది. స్వరూప మాత్రం ఆ సీసాను చూస్తూ ఉండిపోయింది. అది ఎన్నిసార్లు ఆమే కొని తెచ్చిందో.

"పోయింది తిరిగి వస్తదా మేడం?" అని అడిగింది.

"రాదమ్మా. ఉన్నది కాపాడుకుందాం. ఎడమ కంట్లో మధ్యలో కొద్దిగానే మిగిలింది. కుడి కంట్లో సగానికి పైగా ఉంది. ఇక బండి గానీ, డంపర్ గానీ నడపకూడదు."

బయటికి వచ్చాక మెట్ల మీద కూర్చున్నాడు ఉపేందర్. "అర పౌండు తేడా వస్తే ట్రాక్ మీద బండి ఆపి చూసినం," అన్నాడు. "కంట్లది ఒక్కపారి చూపించుకోకపోతి." స్వరూప అతని పక్కన కూర్చుంది. ఏడవలేదు. అతని చెయ్యి పట్టుకుని, కర్చీఫుతో వేళ్ల సందుల్లో ఏదో తుడుస్తున్నట్టు తుడుస్తూ కూర్చుంది.

ఆ సాయంత్రం ముజఫర్ మా కాలనీకి వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు, గడప దగ్గరే నిలబడ్డాడు. "ఏడాది పొడుగు టైరునే చూసిన చెల్లె," అన్నాడు స్వరూపతో. "నా ముందలే చెప్పిండు, అంచు కనవడ్తలేదని. నేను గాలి మార్చిన. అప్పుడే దవాఖానకు తీసుకపోతే సగం కన్నన్న మిగిలేది." లావు మనిషి, గోడకు ఆనుకుని, పిల్లలు చూస్తున్నారన్న ధ్యాస కూడా లేకుండా ఏడ్చాడు.

ఉపేందర్ లోపలి నుంచి వచ్చాడు. "నా కండ్లు నాకే తెల్వకపాయె, నీకెట్ల తెలుస్తది భాయ్," అన్నాడు. "కూసో. చాయ్ పెడ్తది."

డ్యూటీ సంగతి మిగిలింది. సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాడని తెలిసి, అతనితో పాటే డంపర్ నడిపే కొమురెల్లి వచ్చాడు. పెద్దవాడు, మేలు కోరేవాడు. "ఇప్పుడే ఎవలకు చెప్పకు. కంపెనీ కండ్ల పరీక్ష ఇంక ఏడాదికి గానీ రాదు. మొదటి షిఫ్టు చేసుకో, పగటిపూట చేసుకో. మేం చూసుకుంటం. మెల్లగ ఏదో దారి దొరుకుతది," అన్నాడు. స్వరూప చాయ్ గ్లాసులు తీస్తూ ఆ మాటలు విన్నది. ఆమెకు ప్రాణం లేచివచ్చినట్టయింది.

మరునాడు పొద్దున ఉపేందర్ దవాఖాన కాగితాలు తీసుకుని నేరుగా గని మేనేజర్ దగ్గరికి పోయి, డంపర్ ఎక్కనని చెప్పి వచ్చాడు.

ఇంటికొచ్చి ఆ మాట చెప్పగానే స్వరూప చేతిలో గంటె కింద పెట్టింది. "నన్ను ఒక్క మాట అడగాలె కదా. ఇంట్ల నేనొకదాన్ని ఉన్ననని యాదికి లేదా?"

"అడిగితే వద్దంటవు."

"అంటే తప్పా? పిల్ల లేదా మనకు?"

అతను గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. "ఎడమ దిక్కు నుంచి జీపు వస్తే నాకు కనవడది స్వరూపా. దాంట్ల నలుగురుంటరు. వాళ్లకూ పిల్లలుంటరు. రుత్విక్‌కు ఎముక ఇరిగింది. డంపర్ కింద పడితే ఎముకలు మిగలయి. గా మట్టికట్టకు రాసుకున్న రోజులు యాదికొస్తే నాకు బువ్వ పోతలేదు. ఆడ కట్ట కాకుండ మనిషి ఉంటే?"

ఆమె మళ్లీ గంటె తీసుకుంది. అన్నం పెట్టింది. పళ్లెం అతని ముందు కాకుండా కాస్త కుడి పక్కకు జరిపి పెట్టింది. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా అలాగే పెడుతోంది. కొన్నాళ్లు మాత్రం ఇద్దరి మధ్యా మాటలు లేవు. అది కోపం కాదని, భయమని మాకు తెలుస్తూనే ఉంది.

ఎడమ కంటికి, ఆ తర్వాత కుడి కంటికి ఆపరేషన్ జరిగింది. ప్రెషర్ దిగింది. కంపెనీ మెడికల్ బోర్డు అతన్ని డంపర్ నుంచి తప్పించి వర్క్‌షాపులో తేలిక పనికి వేసింది. ఆపరేటర్ సీటు నుంచి స్పానర్లు అందించే పనికి. చేరిన మొదటి రోజు అక్కడ ఎత్తి నిలబెట్టిన డంపర్ టైరు కింద నిలబడి, తలెత్తి దాని పై అంచు చూశాడట. మనిషి ఎత్తుకు మించిన టైరు. పై అంచు కనిపించాలంటే తల రెండుసార్లు తిప్పాల్సి వచ్చిందని ముజఫర్‌తో చెప్పాడు.

రుత్విక్‌కు ఎముక అతికాక ఉపేందర్ ఫోన్ చేసి అంతా చెప్పాడు. "అన్నా, నేను ఆ రోజు మిమ్మల్ని చాలా అనుకున్నాను," అన్నాడు రుత్విక్.

"నీ బండి నా వల్ల పోయింది తమ్మీ. నాది తీసుకపో," అన్నాడు ఉపేందర్. రుత్విక్ ఊరికే తీసుకోనన్నాడు. బేరం లేకుండా ఇద్దరూ ఒక ధరకు ఒప్పుకున్నారు. ఒక్క షరతు రుత్విక్ పెట్టాడు, మొదటి రోజు ఉపేందరే వచ్చి టైర్లు ఎంచి, గాలి పెట్టి ఇవ్వాలని.

ఎండాకాలం మొదట్లో ఆ ఆదివారం స్వరూప కూడా వస్తానంది. ట్రాక్‌ను ఆమె చూడటం అదే మొదలు. ఉపేందర్ కొత్త టైర్లు దగ్గరికి తెచ్చుకుని, పక్కనున్న అచ్చు మీద వేలు పెట్టి, ముఖం అటూ ఇటూ తిప్పి తయారైన వారం చదివాడు. నేల మీద అరచెయ్యి ఆనించి ఎండ వేడి చూశాడు. "ఇయ్యాల వేడెక్కువ. ముందు ఇరవై ఆరున్నరతో మొదలువెట్టు భాయ్," అన్నాడు. ముజఫర్ పెట్టాడు. రుత్విక్ తొలి విడతలో నెమ్మదిగా తిరిగి వచ్చాడు. రెండో విడతకు పోయాడు. ఆ దూరపు మలుపులో బండి నేలకు వాలి మళ్లీ లేవడం స్వరూప చేతిని నుదుటికి అడ్డం పెట్టుకుని చూసింది. "నువ్వు గట్లనే వంగేదా?" అని అడిగింది. "గట్లనే," అన్నాడు.

బండి వచ్చి ఆగింది. ముజఫర్ గేజ్ పెట్టి లెక్క చెప్పాడు. సరిగ్గా రావలసినంతే వచ్చింది. ఉపేందర్ వెనక చక్రం దగ్గర కూర్చుని ఎడమ అంచు మీద అరచెయ్యి పెట్టాడు. వేడిగా, జిగురుగా, చివరి దాకా గరుకుగా ఉంది. రబ్బరు గింజలు చేతికి అంటుకున్నాయి. అతను చెయ్యి తీయలేదు. ముజఫర్ అటు తిరిగి పంపు సర్దుతున్నట్టు నిలబడ్డాడు.

"బండి మంచిగనే ఉన్నది భాయ్," అన్నాడు ఉపేందర్.

మధ్యాహ్నం అన్నాల వేళ ట్రాక్ మీద బండ్లు ఉండవు. నడవనిస్తారు. ఉపేందర్ స్వరూపను తీసుకుని ఒక రౌండు నడిచాడు. ఇక్కడ బ్రేకు వేయాలి, ఇక్కడ చూపు ముందుకు పంపాలి, ఇక్కడ ఊపిరి వదలాలి అని ఒక్కో మలుపు చెబుతూ నడిచాడు. పొడవాటి ఎడమ మలుపు దగ్గర ఆగాడు. గోడ మీద రుత్విక్ బండి తగిలిన చోట రంగు ఊడి ఉంది. "ఈడ నేను కొట్టిన," అన్నాడు. స్వరూప ఆ గోడను చూసింది. అతని ఎడమ పక్కన నడుస్తున్నదల్లా ఆగి, వెనక నుంచి చుట్టి వచ్చి కుడి పక్కన చేరింది. ఆ తర్వాత ఇద్దరూ మిగతా రౌండు నడిచారు.

ఇప్పుడు మూడు నెలలకోసారి కరీంనగర్ పోయి చూపించుకుంటున్నారు. పొద్దున, సాయంత్రం స్వరూపే చుక్కలు వేస్తుంది, డాక్టరమ్మ రాసినవి. దుమ్ము దురద మళ్లీ మొదలైంది. దానికి చల్లటి నీళ్ల గుడ్డే మందు. పోయిన వారం పరీక్షలో కుడి కంట్లో అంచు చూపు కూడా కొద్దిగా తగ్గిందని తేలింది. మందు మార్చారు. ఆగుతుందేమో చూద్దామన్నారు.

తిరిగి వచ్చే బస్సులో స్వరూప ఎడమ వైపు కిటికీ దగ్గర కూర్చుంది. అతను ఆమె పక్కన. పెద్దపల్లి దాటాక చాలాసేపటికి అతను అడిగాడు: "బయట ఏమున్నది?"

ఆమె మొదట అతని ముఖం చూసింది. తర్వాత కిటికీ వైపు తిరిగింది.

"వరి నాట్లు వేస్తుండ్రు," అంది. "ఒక ముసలవ్వ గట్టు మీద కూసుండి బువ్వ తింటున్నది. ఇగ కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనవడ్తున్నయి. ఒకదాంట్ల పొగ లేదు. గాడ మన గని మట్టిగుట్ట. దాని మీద తుమ్మలు మొలిచినయి, పచ్చగున్నయి. అప్పుడు ఏం లేకుండె."

"ఇంక?" అన్నాడు.

ఆమె చెబుతూనే ఉంది, గోదావరిఖని బస్టాండు వచ్చేదాకా.